చిన్న పేపరుకి ఓ ఉత్తరం

ఏమ్మా జిల్లా పేపరూ, బాగున్నావా. నిన్ను టాబ్లాయిడ్ అంటే మా అమ్మకి తెలీదులే, మా ఇంట్లో నువ్వు చిన్నపేపరువే. నిజానికి టాబ్లాయిడ్ అన్న పేరు లండన్ మందుల కంపెనీ ఒకటి 1884లో తన మాత్రలకి పెట్టుకుంది, చిన్న మాత్రలో మందంతా కుక్కినట్టు చిన్న కాగితంలో వార్తలన్నీ కుక్కుతారని తర్వాత పేపర్లకి అంటుకుంది. మాత్ర అన్నమాట నిజమే, పొద్దున్నే నువ్వు పడకపోతే మా అమ్మకి బీపీ పెరుగుతుంది.

మెయిన్ పేపర్ నాన్నది, నువ్వు అమ్మవి. ఆయన ఎడిటోరియల్ మొహాన అడ్డం పెట్టుకుని కూర్చుంటాడు గానీ చెవులు మాత్రం ఇటే, అమ్మ "అయ్యో అయ్యో" అనగానే "ఏంటి, ఎక్కడ, మన ఊరేనా" అంటాడు, అంతే, దేశ ఆర్థిక వ్యవస్థ టీపాయ్ కిందకి పోతుంది.

నీ భాష గురించి చెప్పాలి. నీ హెడ్డింగుల్లో మనిషి మామూలుగా చచ్చిపోడు, కానరాని లోకాలకి పోతాడు. అనుమానం ఎప్పుడూ పెనుభూతమే, చిన్న భూతం అవడం నేనింతవరకూ చూళ్ళేదు. దొంగ పక్కా ఘరానా, గుట్టు పక్కా రట్టు, చివర మూడు చుక్కలు... ఆ మూడు చుక్కల్లోనే ఉంది నీ వ్యాపారమంతా. ఇంతా చెప్పి ఆఖర్న "పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు" అని ముగిస్తావు, ఆ దర్యాప్తు ఏమైందో ఒక్కసారైనా చెప్పావా తల్లీ?

మా బాబాయ్ సంగతి మర్చిపోలేదు. తణుకు బైపాస్ దగ్గర బండి జారి మోకాలు చెక్కుకుపోయింది, నువ్వేమో మృత్యువుతో పోరాటం అని వేశావు, మధ్యాహ్నానికల్లా ఏలూరు నుంచి మా అత్తలు ముగ్గురూ ఏడ్చుకుంటూ ఆటో దిగారు, ఆయన అరుగు మీద కూర్చుని పెసరట్టు తింటున్నాడు. వాళ్ళు కాస్త నిరాశపడినట్టే అనిపించింది నాకు. మర్నాడు సవరణ వేస్తావేమో అని వెతికితే ఆ చోట ఓ లీడర్ పుట్టినరోజు యాడ్, అరపేజీ, చుట్టూ నలభై తలకాయలు.

ఊరి వార్తలు నీకు రాసి పంపే కంట్రిబ్యూటర్ కుర్రాడిని ఏమీ అనలేం. వాడికి జీతం లేదు, లైన్ అకౌంటు, లైనుకింత అని లెక్క, మోకాలు అని రాస్తే ఎన్ని లైన్లొస్తాయి పాపం, మృత్యువైతే సాగుతుంది. పైగా ఉగాదికి, ఆగస్టు పదిహేనుకి యాడ్ల టార్గెట్ కూడా వాడి నెత్తినే.

నువ్వేదో కొత్తగా పాడైపోయావని కూడా అనను. బొంబాయిలో కరంజియా అనే ఆయన 1941లో పెట్టిన బ్లిట్జ్ అనే వారపత్రిక ఉండేది కదా, 1959లో నానావతి అనే నేవీ ఆఫీసర్ తన భార్య ప్రియుణ్ణి కాల్చిన కేసప్పుడు పావలా పేపర్ని జనం రెండు రూపాయలిచ్చి కొనుక్కున్నారంట, వీధుల్లో నానావతి బొమ్మ తుపాకులు కూడా అమ్మారంట. మనకి ఈనాడు 1989లో జిల్లాకో చిన్నపేపర్ మొదలెట్టాక మిగతావాళ్ళూ అదే దారి పట్టారు, ఢిల్లీ వార్త చదివే జనాన్ని పక్కవీధి వార్తకి అలవాటు చేశారు. మంచీ జరిగింది, కాదనను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా పాకల మీద పడ్డప్పుడు ఆ కబురు పక్క ఊళ్ళకి పాకడంలో నీ పాత్రా ఉంది. టెన్త్ రిజల్ట్స్ రోజు నాన్న నీ మీద వేలు పెట్టి ఒక్కో హాల్ టికెట్ నంబరూ దాటుకుంటూ వచ్చి నాది దగ్గర ఆగడం, ఆ వేలికి సిరా అంటుకోవడం ఇప్పటికీ కళ్ళకి కడుతుంది.

సాయంత్రానికి నువ్వు బజ్జీల బండి దగ్గర ఉంటావు. పేపర్లో తినేవి కట్టొద్దని తిండి భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళు 2016లో చెప్పారు, 2023లో మళ్ళీ చెప్పారు, ఆ వార్త కూడా నేను మిరపకాయ బజ్జీ తిని నూనె తుడుచుకుంటూ చదివా.

సరే, అసలు విషయం. మొన్న మా వీధి డ్రైనేజీ పొంగితే మీ కుర్రాడొచ్చి ఫోటో తీసుకున్నాడు, రేపు రావచ్చన్నాడు. కాలవ పక్కన, ఎడమ చివర, నీలం చొక్కా వేసుకుని మురుగు వైపు చెయ్యి చూపిస్తున్నది నేనే. చోటు చాల్లేదని ఆ చివర కోసెయ్యకు, అత్తలకి ముందే ఫోన్ చేసి చెప్పేశా.