72 గంటలు యాడ్నించి లెక్కబెట్టాల బావా?

మా అక్కా బావా సింగపూర్‌లో ఉండే కొడుకు దగ్గరికి పోయినప్పుడు ఏ రూల్సూ లేవు. బయటి దేశాల నుంచి ఇండియాకి వచ్చేవాళ్లు ఆన్‌లైన్లో నింపాల్సిన కోవిడ్ ఫారం, ఎయిర్ సువిధ, 2022 నవంబర్‌లోనే తీసేసినారు, వీళ్లు డిసెంబర్‌లో హాయిగా ఫ్లైటెక్కినారు, కొడుకేమో ముచ్చటపడి షిప్పు టికెట్లు తీసినాడు, సింగపూర్‌లో ఎక్కితే మలేషియా, థాయ్‌లాండ్ తిప్పుకోని మళ్లీ సింగపూర్‌లోనే దింపుతారంట. ఇంతలో చైనాలో కోవిడ్ కేసులు ఎక్కువైనాయని మన గవర్నమెంటు కొత్త రూలు పెట్టింది. 2023 జనవరి 1 నుంచి చైనా, హాంకాంగ్, జపాన్, దక్షిణ కొరియా, సింగపూర్, థాయ్‌లాండ్‌ల నుంచి వచ్చేవాళ్లు బయల్దేరే ముందు 72 గంటల లోపల ఆర్‌టీపీసీఆర్ చేయించుకోని నెగటివ్ రిపోర్టు ఎయిర్ సువిధలో పెట్టాల్సి వచ్చింది. ఆరు దేశాల పేర్లు చదివితే మావోళ్ల షిప్పు తిరిగేదాంట్లో రెండు ఉండాయి.

మా అక్కకి ఏ పనైనా ముందే చేసేస్తే నిద్ర పడతాది. షిప్పు ఎక్కకముందే టెస్ట్ చేయించేసింది, నెగటివ్ వచ్చింది, గ్రూపులో పెట్టింది, అందరం చేతులు జోడించే బొమ్మలు పెట్టినాం. షిప్పు సముద్రంలోకి పోయినాక ఎవరికో అనుమానం వచ్చింది, దిగేలోపల ఆ రిపోర్టు పాల ప్యాకెట్ మాదిరి డేటైపోతాది కదా అని.

ఇంక చూడండి గ్రూపులో. శాంపిల్ ఇచ్చిన టయం నుంచి లెక్క అని ఒకరు, కాదు రిపోర్టు చేతికొచ్చిన టయం నుంచి అని ఇంకొకరు, షిప్పు దిగినప్పట్నించా ఫ్లైటెక్కేదానికా అని మా పిన్ని, ట్రెజరీలో రిటైరైన మా చిన్నాయన మాత్రం ఆదివారం లెక్కలోకి రాదు, వర్కింగ్ డేసే చూడాలన్నాడు. ఆయనతో వాదించే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు. షిప్పులో వైఫైకి డబ్బులు కట్టాలని బావ కట్టలేదు, కాబట్టి ఈ పంచాయితీ ఎవురికోసం జరుగుతుందో ఆయనకే తెలీదు, పాపం డెక్కు మీద ఐస్‌క్రీం తింటా ఉన్నాడు.

దిగినాక ఫోన్ చేసినాడు. "బామ్మర్దీ, టెన్షన్ పడొద్దు, వీడి ఇంట్లో సింగపూర్ గవర్నమెంటోళ్లు పంచిన కిట్లు ఉండాయి, ముక్కులో పెట్టుకుంటే పావుగంటలో గీత వచ్చేసింది, ఒకటే గీత." అది యాంటిజెన్ టెస్టు బావా, పీసీఆర్ కాదు, మనోళ్లు ఒప్పుకోరు అంటే, ముక్కు అదే ముక్కు కదరా అన్నాడు. లాజిక్ బాగానే ఉంది, ఫారంలో దానికి కాలమ్ లేదు.

మళ్లీ ల్యాబ్‌కి పోయి ఇద్దరూ పీసీఆర్ ఇచ్చినారు. సింగపూర్ డాలరు అప్పటికి 60 రూపాయల పైమాటే, మా అక్క ప్రతి బిల్లునీ రూపాయల్లోకి మార్చుకోని బాధపడే రకం, ముక్కుకంటే ఆ గుణకారమే ఎక్కువ నొప్పి పెట్టింది అనింది. ఎయిర్ సువిధ నింపే డ్యూటీ తిరుపతిలో కూర్చున్న నాది. పాస్‌పోర్ట్ ఫోటో పంపు బావా అంటే పంపినాడు, పైన మూల మీద బొటనవేలు, కింద నంబర్ మీద ట్యూబ్‌లైట్ మెరుపు. ఇంకోటి పంపు అంటే ఇంకో వేలు. నంబరు కనపడే ఫోటో వచ్చి, దాన్ని పీడీఎఫ్ చేసి ఎక్కించేసరికి అర్ధరాత్రి దాటింది. ఫోన్ నంబర్ కాలమ్‌లో మాత్రం బావ సిమ్ రీచార్జ్ అయిపోయిందని నాది కొట్టమన్నాడు.

చెన్నైలో దిగినారు. వచ్చినోళ్లలో ఫ్లైటుకి 2 శాతం మందికి ర్యాండమ్‌గా మళ్లీ టెస్ట్ చేస్తా ఉన్నారు. మా బావ సుప్రభాత సేవ కోసం టీటీడీ లక్కీడిప్‌లో ఎన్నేండ్లుగానో పేరు వేస్తానే ఉన్నాడు, స్వామి ఒక్కసారీ పిలవలేదు. ఆ రోజు విమానం మొత్తం మీద పిలిచిన నాలుగైదు పేర్లలో మొదటిది ఈయనదే. శాంపిల్ ఇచ్చినాక పోవచ్చన్నారు, ఆడకూడా ఫోన్ నంబర్ నాదే ఇచ్చొచ్చినాడు. తిరుత్తణి, నగరి, పుత్తూరు దాటుకోని కారులో ఇంటికి వచ్చేసినారు. పుత్తూరు దగ్గర బావ ఒక మాటన్నాడంట, ఈడ ఎముకలకి కట్టు కట్టేవాళ్లే నయం, ఏ రిపోర్టూ అడగరు అని.

అసలు కథ ఇంట్లో మొదలైంది. నేను స్నానానికి పోయినప్పుడు నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, కోవిడ్ టెస్ట్‌కి మీ శాంపిల్ తీసుకున్నాం, రిజల్ట్ వచ్చేదాకా జాగ్రత్తగా ఉండండి అని. మా అమ్మ చదివింది. బయటికి వచ్చేలోపల నా చాప, చెంబు, కంచం మేడమీద గదికి పోయినాయి. అది బావది మా, నాది కాదు అని మెట్ల మీద నిలబడి ఎంత మొత్తుకున్నా, "నంబర్ నీదే కదరా, గవర్నమెంటు ఊరికే పంపదు" అనింది. కింద హాల్లో అసలు శాంపిల్ ఓనరు సోఫాలో కాళ్లు చాపుకోని, పక్కింటోళ్లందరికీ చాక్లెట్లు పంచతా, షిప్పులో స్విమ్మింగ్ పూల్ ఎంత పెద్దదో చేతులతో కొలిచి చూపిస్తా ఉన్నాడు. నాకు పైకి మిరియాల చారు వచ్చింది. ఆవిరి పట్టుకోమని పసుపు నీళ్లు కూడా.

మర్నాడు నెగటివ్ అని మెసేజ్ వచ్చింది. ఎగురుకుంటా దిగొచ్చి అమ్మకి చూపించినా. కళ్లజోడు పెట్టుకోని రెండుసార్లు చదివింది.

"ఇది బావది కదరా. నీదేదీ?"