హెయిర్ డ్రయ్యర్ పెడితే హాట్ వీల్స్ బ్లిస్టర్ ఊడొస్తుందా?

"హాట్ వీల్స్ ప్యాకెట్ మీద రెండు నిమిషాలు హెయిర్ డ్రయ్యర్ పెట్టండి, జిగురు కరిగి బ్లిస్టర్ ఊడొస్తుంది. రాకపోతే అరగంట ఫ్రీజర్‌లో పెట్టండి. అప్పటికీ మొండికేస్తే నెయిల్ పాలిష్ రిమూవర్ రాయండి. తర్వాత ఫెవిక్విక్‌తో అంటించేస్తే ఎవరూ పోల్చలేరు." హాట్ వీల్స్ బొమ్మ కారును ప్యాకెట్ అట్ట చెడకుండా బయటికి తీయడానికి వాట్సాప్ గ్రూపుల్లో, రీల్స్‌లో తిరుగుతున్న చిట్కా ఇది. బ్లిస్టర్ అంటే కారును కప్పి అట్టకు అతికి ఉండే ప్లాస్టిక్ బుడగ. ఇందులో మొదటి మాట సగం నిజం. మిగతావన్నీ అట్టకు చేటు.

"జిగురు కరుగుతుంది"

అసలు అక్కడ మనం అనుకునే జిగురు లేదు. అట్ట మీద అచ్చు పడ్డాక పైన పల్చటి లక్క లాంటి పూత వేస్తారు. బ్లిస్టర్ చుట్టూ ఉండే సన్నటి చదును అంచును యంత్రం వేడిగా, గట్టిగా నొక్కుతుంది. పూత కరిగి ప్లాస్టిక్‌ను పట్టుకుంటుంది. చల్లారాక కింద ఉన్న రంగుతో, కాగితం పైపొరతో ఏకమైపోతుంది. సీలు సరిగ్గా పడిందో లేదో ప్యాకింగ్ వాళ్లు ఎలా చూస్తారో తెలుసా? బ్లిస్టర్‌ను లాగుతారు. అట్ట పీచు లేచి వస్తే పాసు, శుభ్రంగా ఊడితే ఫెయిలు. అంటే అట్ట చినగడం పొరపాటున జరిగేది కాదు, అలా చినగాలనే చేశారు.

ఇక వేడి సంగతి. యంత్రం అంచును మాత్రమే వేడి చేస్తుంది, బుడగ జోలికి పోదు. డ్రయ్యర్‌కు ఆ తేడా తెలీదు. బ్లిస్టర్ పీవీసీ ప్లాస్టిక్ అయితే 80 డిగ్రీల దగ్గర, పెట్ (PET, నీళ్ల సీసాల ప్లాస్టిక్) అయితే 75 దగ్గర మెత్తబడుతుంది. పూత వదలాలన్నా ఇంచుమించు అంత వేడి కావాలి, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. పైగా బుడగ అంటే చదును షీటును వేడి చేసి అచ్చులోకి లాగి సాగదీసినదే. మళ్లీ వేడి తగిలితే అది పాత చదునుకే పోవాలని చూస్తుంది. ముందు మూలలు గుండ్రబడతాయి, తర్వాత ముఖం సెగ తగిలిన అప్పడంలా ముడుచుకుంటుంది. అట్టలో తేమ ఒకవైపే ఆరిపోయి అదీ వంగుతుంది.

సగం నిజం అన్నది ఎందుకంటే, సీలు బలహీనంగా పడ్డ ప్యాకెట్లు ఉంటాయి. వాటిని ముందే గుర్తు పట్టొచ్చు. అంచును ఏటవాలుగా లైటు కిందకు తిప్పండి. సీలు బాగా పట్టినచోట ప్లాస్టిక్ కింద రంగు ముదురుగా, తడిసినట్టు కనిపిస్తుంది. పట్టనిచోట గాలి ఉండి వెండిలా మెరుస్తుంది. చుట్టూ వెండి మెరుపే ఉంటే గోరువెచ్చటి గాలికి వదలొచ్చు. ఒక మూలే మెరిసి మిగతాది ముదురుగా ఉంటే ఆ మూలను చూసి మోసపోవద్దు. అక్కడ మొదలుపెట్టి లాగితే మిగతా మూడు వైపులా తెల్ల పీచు తేలుతుంది.

"ఫ్రీజర్‌లో పెడితే పెళుసై విడిపోతుంది"

పెళుసయ్యేది నిజమే, కానీ పూతతో పాటు ప్లాస్టిక్ కూడా. వంచితే బుడగ మూల టప్పున పగలొచ్చు. కాగితం పీచు మాత్రం చలికి పెళుసుకాదు, కాబట్టి చినుగు అలాగే ఉంటుంది. ఇంకో తంటా మన వాతావరణంతో. గది 30 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే 25 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేనిమీదైనా నీళ్లు పేరుకుంటాయి. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో ఫ్రీజర్ నుంచి తీసిన అట్ట నిమిషంలో చెమర్చి, ఆరాక అలలు తేలుతుంది.

"నెయిల్ పాలిష్ రిమూవర్ రాయండి"

చాలా రిమూవర్లలో ఉండేది అసిటోన్. పీవీసీని మెత్తబరిచి మసకబారుస్తుంది, పెట్‌ను తెల్లగా చేసేస్తుంది. అట్ట మీద రంగును తీసేస్తూ పక్కకు పాకుతుంది. కారు మీది టాంపో అచ్చుకు (పెయింటు మీద ముద్రించిన గీతలు, అంకెలు, లోగోలు) తగిలితే అదీ పోతుంది. కావాలని ఆ అచ్చు తుడిచేయడానికి వాడేది కూడా అసిటోనే! అన్నింటికంటే ముఖ్యం, దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. డ్రయ్యర్ తిరుగుతున్న బల్ల మీద ఆ సీసా మూత తీయకూడదు.

"ఫెవిక్విక్‌తో అంటించేస్తే సరి"

ఈ రకం జిగురు ఆరేటప్పుడు వచ్చే ఆవిరి తెల్లటి మంచులా పేరుకుంటుంది. మూసిన బుడగలో అది పోయే దారి లేక బ్లిస్టర్ లోపలి గోడ మీద, కారు అద్దాల మీద, పెయింటు మీద కూర్చుంటుంది. ఫెవికాల్ అయితే అందులోని నీటికి అట్ట ఉబ్బుతుంది.

"ఎవరూ పోల్చలేరు" అన్నదీ అంతే. పాత అంచు అట్ట మీద గీత వదిలే ఉంటుంది. కొత్తగా అంటించిన అంచు అర మిల్లీమీటరు జరిగినా పక్కపక్కనే రెండు గీతలు కనబడతాయి. అమెరికాలోని యాక్షన్ ఫిగర్ అథారిటీ లాంటి గ్రేడింగ్ సంస్థ (సేకరణ బొమ్మల స్థితిని పరీక్షించేది) అట్టకు, బ్లిస్టర్‌కు, బొమ్మకు విడివిడిగా మార్కులు వేస్తుంది. తిరిగి అంటించిన దాన్ని సీల్డ్ అని అమ్మడం మాత్రం మోసమే, దానికి వేరే పేరు లేదు.

మరి అట్ట చెడకుండా కారు తీయాలంటే?

సీలు జోలికి వెళ్లకండి, బుడగనే కోయండి. మామూలు మెయిన్‌లైన్ (షాపుల్లో ఎక్కువగా దొరికే సాధారణ రకం) ప్యాకెట్‌లో కారు చక్రాలు కిందికి ఉంటాయి. కాబట్టి బుడగ కింది గోడను తలుపులా తెరవడం మేలు. అటువైపు పెయింటు ఉండదు, కారు అడుగుభాగమే ఉంటుంది. మెడికల్ షాపులో దొరికే 11 నంబరు సర్జికల్ బ్లేడు, దాని 3 నంబరు పిడి, ఒక పాత ఏటీఎం కార్డు చాలు. ఏటీఎం కార్డును అంచు మీద చదునుగా పెట్టి బ్లేడును దానిమీద పడుకోబెట్టండి. కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. అంత ఎత్తులోనే కోత పడుతుంది, జారినా అట్టకు తగలదు.

ఒకేసారి పొడవకుండా నాలుగైదు సార్లు తేలిగ్గా గీయండి. మధ్యలో మొదలుపెట్టి మూలకు 2 మిల్లీమీటర్ల ముందు ఆగండి. షీటు బాగా సాగి మూలల్లో పల్చబడి ఉంటుంది, అక్కడ బ్లేడు హఠాత్తుగా లోపలికి దిగిపోతుంది. ఆ మిగిలిన కాస్తా, కింది గోడకు రెండు పక్కల అట్ట నుంచి ముందుకు వచ్చే మూలలూ బ్లేడు కొనతో కోయండి. ముందు వైపు అంచు కోయొద్దు, తలుపుకు బందు అదే. కారు చక్రాల వైపు నుంచి కిందికి జారుతుంది. మళ్లీ లోపల పెట్టాక తలుపుకు టేపు వేయకండి, కొన్నాళ్లకు జిగురు పసుపెక్కొచ్చు. ప్రొటెక్టర్ కేసులో (ప్యాకెట్ మొత్తం పట్టే గట్టి ప్లాస్టిక్ పెట్టె) పెడితే తలుపు అదే మూసుకుని ఉంటుంది. లాంగ్ కార్డుకు (పొడవు అట్ట), షార్ట్ కార్డుకు (పొట్టి అట్ట) కేసులు వేరు, చూసి కొనండి.

లోపల ఉన్నది సూపర్ ట్రెజర్ హంటో (సేకర్తలు వెతికే అరుదైన రకం) కాదో చూడ్డానికే విప్పుతున్నట్టయితే బ్లేడు కూడా అక్కర్లేదు. ఈమధ్య వస్తున్న వాటిలో కారు వెనక అట్ట మీద గుండ్రటి గీతలో మంట గుర్తు ఉంటుంది. బంగారు రంగైతే సూపర్, వెండి రంగైతే మామూలు ట్రెజర్ హంట్. ఫోన్ టార్చి పక్కనుంచి వేసి, కారుకు అట్టకు మధ్య సందులోంచి చూస్తే కనబడుతుంది.