ప్రజాప్రతినిధికి రాసిన లేఖ బుట్టదాఖలేనా?

ప్రజాప్రతినిధులకు లేఖలు రాయడం దండగ అని చెప్పే సందేశం ఒకటి విస్తృతంగా చక్కర్లు కొడుతోంది. లేఖలను వారు చదవరనీ, ఒక వ్యక్తి రాసినంత మాత్రాన చట్టాలు మారవనీ, రాయక తప్పకపోతే అందరూ ఒకే సందేశాన్ని వేల సంఖ్యలో పంపాలనీ, తమకు ఓటు వేయనివారికి వారు ఎలాగూ జవాబివ్వరనీ దాని సారాంశం. ఈ వాదనల్లో మొదటిదానిలో మాత్రమే కొంత నిజం ఉంది.

వచ్చిన ప్రతి లేఖనూ సభ్యుడు స్వయంగా చదవడన్నది వాస్తవమే. చాలాచోట్ల కార్యాలయ సిబ్బంది చదివి, విషయాన్ని బట్టి వేరుచేసి, అవసరమైనవే ఆయన ముందుంచుతారు. అంతమాత్రాన మిగిలినవి బుట్టదాఖలైనట్టు కాదు. బ్రిటన్‌లో పౌరుడి లేఖకు ఎంపీ తన లేఖను జతచేసి సంబంధిత మంత్రికి పంపడం, మంత్రి ఇచ్చిన సమాధానం ఎంపీ ద్వారా ఆ పౌరుడికి చేరడం నిత్యం జరిగే పని. అమెరికా కాంగ్రెస్ సభ్యుల కార్యాలయాల్లో పింఛను, వీసా, మాజీ సైనికుల సదుపాయాల వంటి వ్యక్తిగత చిక్కులపై ప్రభుత్వ శాఖలను కదిలించడానికే సిబ్బంది ఉంటారు. భారత లోక్‌సభలోనైతే ఒక్కో రోజు జాబితాలో, మంత్రి సభలో లేచి జవాబు చెప్పవలసిన ప్రశ్నలు 20, రాతపూర్వకంగా జవాబివ్వవలసినవి 230 వరకు ఉంటాయి. ఇన్ని ప్రశ్నలకు ముడిసరుకు ఎక్కడి నుంచి రావాలి? ఏ శాఖ, ఏ తేదీ ఉత్తర్వు, పని ఏ దశలో ఆగింది అన్నవి స్పష్టంగా ఉన్న లేఖ చేతికందితే సభ్యుడికి సగం ప్రశ్న తయారైనట్టే. అది జాబితాకెక్కితే మంత్రి ఇచ్చిన జవాబు సభా రికార్డుల్లో నిలిచిపోతుంది.

ఇక ఒక్కరు రాస్తే చట్టాలు మారవన్న వాదన. అమెరికాలో కాంగ్రెస్ సభ్యుల జీతాల్లో మార్పు తరువాతి ఎన్నికల తరువాతే అమల్లోకి రావాలన్న రాజ్యాంగ సవరణను 1789లో ప్రతిపాదించారు. తగినన్ని రాష్ట్రాలు ఆమోదించక అది మూలనపడింది. 1982లో టెక్సస్ విశ్వవిద్యాలయ విద్యార్థి గ్రెగరీ వాట్సన్ దానిపై వ్యాసం రాస్తే దక్కింది సి గ్రేడు. ఆయన అక్కడితో ఆగక రాష్ట్రాల శాసనసభ్యులకు లేఖలు రాస్తూ పోయారు. 1983లో మెయిన్, 1984లో కొలరాడో ఆమోదించాయి. 1992 నాటికి అది 27వ సవరణగా రాజ్యాంగంలో చేరింది. సభ్యుల జీతాల పెంపుపై అప్పట్లో జనంలో ఉన్న ఆగ్రహం కూడా తోడైందన్నది నిజమే. ఆయన ఒక్క లేఖతో సరిపెట్టలేదన్నదీ నిజమే. అయినా ఆ సవరణను మూల నుంచి బయటికి లాగినవి లేఖలే.

మూడో వాదన సలహా రూపంలో ఉంది కాబట్టి మరింత నష్టం చేస్తుంది. అక్షరం మారకుండా వచ్చిన వేయి సందేశాలను కార్యాలయం ఒకే కుప్పగా లెక్కించి, అన్నిటికీ ఒకే జవాబు పంపి ఊరుకోగలదు. అభిప్రాయాల సంఖ్య చూపడానికి అది కొంత పనికొస్తుందేమో గాని, ఆలోచింపజేయడానికి పనికిరాదు. “మా ప్రాంతాన్ని అభివృద్ధి చేయండి” అన్న వాక్యంతో ఏ సహాయకుడూ ఏమీ చేయలేడు. “టెండరు పూర్తయిన మురుగుకాలువ పని ఎందుకు మొదలు కాలేదో ఫలానా శాఖను అడిగి మాకు తెలియజేయండి” అని రాస్తే, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా శాఖకు పంపవచ్చు. ఒక లేఖలో ఒకే విషయం, ఒకే కోరిక ఉంటే మేలు.

చివరిది ఓటు సంగతి. రహస్య ఓటింగు ఉన్నచోట, ఎవరు ఎవరికి వేశారో సభ్యుడికి ఎలా తెలుస్తుంది? కార్యాలయం ముందుగా చూసేది చిరునామాను. బ్రిటన్‌లోనైతే ఒక ఎంపీ మరో ఎంపీ నియోజకవర్గ ప్రజల సమస్యల్లో తలదూర్చకూడదన్న ఆనవాయితీ కూడా ఉంది. అందువల్ల జవాబు రాకపోయే ప్రమాదం ఓటు వేయనివారికన్నా, పూర్తి చిరునామా రాయనివారికే ఎక్కువ.