ఎత్తైన కారే భద్రమా? సెడాన్ మీద వేస్తున్న నిందలకు జవాబు

కొత్తగా కారు కొనాలనుకునే కుటుంబాలకు ఈ మధ్య ఒక సలహా చేతులు మారుతూ చేరుతోంది. దాని సారాంశం ఇది: సెడాన్ల, అంటే వెనక డిక్కీ విడిగా ఉండే కార్ల, కాలం చెల్లింది. నేలబారుగా ఉండే ఆ కార్లలో భద్రత లేదు, రోడ్డు బాగాలేకపోతే అడుగు గీసుకుపోతుంది, సామాను పట్టదు, పెద్దవాళ్లు ఎక్కి దిగలేరు, అమ్మబోతే అడవి. కాబట్టి ఇంకొంత అప్పు చేసైనా ఎత్తుగా, దిట్టంగా కనిపించే ఎస్‌యూవీయే కొనాలి.

అందుబాటు ధరలో దొరికే సెడాన్‌ను ఎంచుకుని, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరుగుతున్నవాణ్ని నేను. ఎవరి ఇష్టం వారిది, ఎస్‌యూవీ నచ్చినవారు అదే కొనుక్కోవచ్చు. కానీ పిల్లల భద్రత పేరు చెప్పి భయపెట్టి, మోయలేని అప్పు తలకెత్తించడం నాకు సహించదు. అందుకే ఒక్కో మాటా తీసి చూడాలి.

అన్నిటికంటే ముందు తేల్చాల్సింది ఎత్తైన బండే భద్రం అన్న మాట. ఢీకొన్నప్పుడు లోపలివారిని కాపాడేవి కారు బాడీ నిర్మాణం, సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగులు. బరువు కూడా కాపాడుతుంది. బరువైన బండి, తేలికైన బండి ఎదురెదురుగా ఢీకొంటే బరువైనదానిలో ఉన్నవారికి దెబ్బ తక్కువ తగులుతుంది. ఇది భౌతికశాస్త్రం, కాదనలేం. అయితే ఆ మేలు బరువు వల్ల వచ్చినది, ఎత్తు వల్ల కాదు. పైగా బడ్జెట్ ధరల్లో దొరికే చిన్న ఎస్‌యూవీలు చాలావరకు మామూలు కార్ల ప్లాట్‌ఫామ్ మీదే తయారవుతాయి. పైకి కండలు తిరిగినట్లు కనిపించినా లోపలి అస్థిపంజరం అదే.

ఎత్తు వల్ల నిజంగా మారేది గరిమనాభి, అంటే బండి బరువంతా కేంద్రీకరించినట్లుండే బిందువు. అది పైకి పోయిన కొద్దీ బండి బోల్తా పడే అవకాశం పెరుగుతుంది. దీన్ని లెక్కగట్టే సూత్రం చాలా సులభం: ఎడమ, కుడి చక్రాల మధ్య దూరాన్ని గరిమనాభి ఎత్తుకు రెండింతలతో భాగించాలి. వచ్చే సంఖ్య ఎంత పెద్దదైతే బండి అంత నిలకడగా ఉంటుంది. ఉదాహరణకు చక్రాల మధ్య 150 సెంటీమీటర్లు, గరిమనాభి 53 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే సుమారు 1.4 వస్తుంది. అదే వెడల్పుతో గరిమనాభిని 65 సెంటీమీటర్లకు పెంచితే 1.15కు పడిపోతుంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ బోల్తా రేటింగులకు ప్రధాన ఆధారం ఈ సూత్రమే. బండి అదుపు తప్పబోతే చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసి సర్దే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ వచ్చాక ఎస్‌యూవీలు బోల్తా పడటం బాగా తగ్గిందన్నది నిజం. ఆ పరికరాన్ని 2012 మోడళ్ల నుంచి అక్కడ తేలికపాటి వాహనాలన్నిటికీ తప్పనిసరి చేశారు. కానీ ఎత్తు తెచ్చిపెట్టిన ఇబ్బందిని ఆ పరికరం సర్దుతోందని దానికి అర్థం. ఎత్తే రక్షణ అని కాదు.

బండి బయట ఉన్నవారి సంగతి ఆ సలహాలో ఒక్క ముక్క కూడా లేదు. మూడేళ్ల పిల్లల ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు. బానెట్ అంచు మీటరు ఎత్తులో ఉన్న బండి ముందు అలాంటి బిడ్డ నిలబడితే స్టీరింగ్ దగ్గర కూర్చున్నవారికి తల కూడా కనిపించదు. అమెరికాలోని హైవే భద్రతా బీమా పరిశోధన సంస్థ 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, బానెట్ ఎత్తు 40 అంగుళాలకు మించిన వాహనాలు పాదచారులను ఢీకొన్నప్పుడు మరణం సంభవించే అవకాశం 45 శాతం ఎక్కువ. 30 అంగుళాలు, అంతకంటే తక్కువ ఎత్తులో ఉండి ముందుకు వాలిన బానెట్ ఉన్న కార్లతో పోల్చి తేల్చిన సంఖ్య ఇది. చిన్న ఎస్‌యూవీలన్నీ అంత ఎత్తు ఉండవు, సరే. కానీ ఇంటి గేటు ముందు పిల్లలు ఆడుకునే చోట కారు కదిలించేటప్పుడు వాలుగా దిగిన బానెట్ ఎంత మేలో నాకు తెలుసు. కుటుంబ భద్రత అంటే సీట్లలో కూర్చున్నవారి భద్రత మాత్రమేనా?

నిజంగా భద్రతే ముఖ్యమనుకుంటే, కొనబోయే మోడల్‌కు క్రాష్ పరీక్షలో ఎన్ని స్టార్లు వచ్చాయో, మీరు తీసుకునే వేరియంట్‌లో స్టెబిలిటీ కంట్రోల్, పక్క ఎయిర్‌బ్యాగులు, చైల్డ్ సీటును కారుకు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయో లేవో అడగండి. అప్పు చేసి ఎత్తైన బండిలో అన్నిటికంటే కింది వేరియంట్ కొనేకన్నా, అదే డబ్బుతో ఇవన్నీ ఉన్న సెడాన్ కొనడం ఎంతో నయం.

ఇక అడుగు గీసుకుపోవడం. ఇందులో కొంత నిజముంది. సెడాన్ల గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ కారు అడుగుకూ మధ్య ఖాళీ, చాలావరకు 140 నుంచి 170 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, చిన్న ఎస్‌యూవీలది 180 నుంచి 200 దాకా. ఐదుగురు ఎక్కి డిక్కీ నిండితే వెనక సస్పెన్షన్ కుంగి ఏ కారైనా కొంత దిగుతుంది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం ఎక్కువగా ఉన్న కారైతే, ఎత్తైన స్పీడ్ బ్రేకర్ మీద మధ్యభాగం తగిలే ప్రమాదం ఉంటుంది. నిండు బరువుతో ఉన్నప్పుడు నేను చేసేది ఒక్కటే. నడక వేగానికి తగ్గించి, కారును కొద్దిగా ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్నే గుట్ట ఎక్కిస్తాను. ఒక వైపు చక్రం ఎక్కిన తర్వాతే రెండో వైపుది ఎక్కుతుంది కాబట్టి, కారు నడుము దానికి తగలకుండా దాటిపోతుంది. ఇలా దాటడం చేతికి అలవాటైన తర్వాత కింద ప్లాస్టిక్ గార్డు గీసుకున్న చప్పుడు వినడం అరుదైపోయింది. రోజూ రాళ్లు తేలిన దారిలో వెళ్లాల్సినవారి సంగతి వేరు, వారికి ఎత్తైన బండి అవసరమే. తారు రోడ్డు మీద తిరిగేవారికి ఆ అవసరం లేదు.

వరదనీటిలోనూ దూసుకుపోవచ్చన్న ధీమా మరీ చేటు. 30 సెంటీమీటర్ల లోతు ప్రవాహం చిన్న కార్లను కొట్టుకుపోయేలా చేస్తుంది, 60 సెంటీమీటర్లు చాలా ఎస్‌యూవీలకు కూడా అదే గతి పట్టిస్తుంది. నీటి ముందు ఏ కారైనా ఆగాల్సిందే. బడ్జెట్ ఎస్‌యూవీల్లో ఎక్కువ భాగం ముందు చక్రాలతో మాత్రమే నడిచేవి, నాలుగు చక్రాలకూ శక్తి అందేవి కావు. ఈ సంగతి కూడా కొనేముందు చాలామంది అడగరు.

సామాను పట్టదన్నది మాత్రం తలకిందులైన మాట. ఒకే ధర శ్రేణిలో చూస్తే సెడాన్ డిక్కీ సాధారణంగా 400 నుంచి 500 లీటర్ల దాకా ఉంటుంది, చిన్న ఎస్‌యూవీల్లో చాలావాటికి అంత ఉండదు. ఇంకో సుఖం డిక్కీ క్యాబిన్ నుంచి వేరుగా ఉండటం. వెనక చక్రాల హోరు లోపలికి తక్కువగా వినిపిస్తుంది, సడన్ బ్రేకు వేస్తే పెట్టెలు పిల్లల తలల మీదికి ఎగిరిరావు. లోపాలు కూడా ఉన్నాయి. డిక్కీ నోరు చిన్నది, అందుకే ఎత్తైన పెట్టె నిలువుగా దూరదు. కొన్ని మోడళ్లలో మూతను మోసే వంపు కమ్మీలు రెండూ లోపలికి దిగి, పక్కన పెట్టిన సూట్‌కేసు మీద ఒత్తుకుంటాయి. అందుకే గట్టి పెట్టెలు మధ్యలో, మెత్తటి సంచులు అంచుల్లో సర్దాలి. షోరూములో మూత వేసేటప్పుడు ఆ కమ్మీలు ఎక్కడికి దిగుతున్నాయో చూసుకోండి. లీటర్ల లెక్క ఈ సంగతి చెప్పదు.

మైలేజీ గురించి ఆ సలహాలో ప్రస్తావనే లేదు, ఎందుకో ఊహించవచ్చు. గాలి నిరోధం వేగానికి వర్గ నిష్పత్తిలో పెరుగుతుంది. గంటకు 80 నుంచి 100 కిలోమీటర్లకు వెళ్తే అది 56 శాతం ఎక్కువవుతుంది. ఎత్తుగా, వెడల్పుగా గాలిని చీల్చుకుంటూ వెళ్లే బండికి హైవే మీద అదనపు ఇంధనం తప్పదు.

సెడాన్ల కాలం చెల్లిందనడానికి ఫోర్డ్ 2018లో ఉత్తర అమెరికాలో సెడాన్లు ఆపేస్తామని ప్రకటించడాన్ని ఉదాహరణగా చూపిస్తారు. 1966లో మొదలై 2021 నాటికి 5 కోట్లకు పైగా అమ్ముడైన టయోటా కరోలా ఇంకా తయారవుతూనే ఉంది, దాని పేరెత్తరు. తిరిగి అమ్మేటప్పుడు సెడాన్‌కు కొన్నిచోట్ల తక్కువ ధర పలకవచ్చు. కానీ కొనేటప్పుడు మిగిలినదెంత, అప్పు మీద తప్పిన వడ్డీ ఎంత అని కూడా లెక్కలో వేయాలి కదా!

చివరికి మిగిలింది పెద్దవాళ్ల మాట. ఇక్కడ ఆ సలహాతో నాకు పేచీ లేదు. సెడాన్ సీటు కిందికి ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవారు దిగేటప్పుడు ఒంటి బరువంతా మోకాళ్ల మీద మోసి లేవాలి. కొందరికి అది నిజంగా నరకం. అయితే మరీ ఎత్తైన బండి కూడా వారికి సుఖం కాదు, కాలు పైకెత్తి ఎక్కాలి. కూర్చుంటే తుంటి మోకాలికి సమానంగానో, కాస్త పైనో ఉండే సీటు కావాలి. అది ఏ కారులో కుదురుతుందో ఇంట్లోని పెద్దవాళ్లను వెనక సీటులో కూర్చోబెట్టి, నాలుగుసార్లు ఎక్కించి దించి చూస్తేనే తెలుస్తుంది. టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లేటప్పుడు వారిని కూడా వెంట తీసుకెళ్లండి.