ఎర్రబస్సు మిగిలింది, కండక్టర్ ఏడీ?

లండన్ వెళ్లొచ్చిన బంధువులు ఎప్పుడో తెచ్చిచ్చిన ఓ చిన్న ఎర్రబస్సు నా టేబుల్ మీద ఉంటుంది. అరచేతిలో పట్టేంత బొమ్మ. ముందు ఒక పక్కకే డ్రైవర్ గది, వెనక తలుపు లేని ఫుట్‌బోర్డు, దాని అంచున పట్టుకోవడానికి తెల్ల రాడ్డు, పైఅంతస్తుకు వంపు తిరిగిన మెట్లు. మంచి పనితనం. మొన్న దుమ్ము దులుపుతూ కిటికీల్లోంచి లోపలికి చూశాను. సీట్లున్నాయి, మనుషులు లేరు. డ్రైవర్ లేడంటే సరే అనుకోవచ్చు. వెనక ఫుట్‌బోర్డు మీద నిలబడాల్సిన కండక్టర్ కూడా లేడు. తలుపు లేకుండా ఆ బస్సు నడవగలిగిందే అతని వల్ల.

మన భాషలో ‘ఎర్రబస్సు ఎక్కి వచ్చాడు’ అంటే లోకం తెలియని పల్లెటూరి బైతు అని ఎగతాళి. అదే ఎర్రబస్సు లండన్‌దైతే హుందాతనం, నాగరికత, రాణిగారి కాలం. ఒకటి తిట్టు, ఇంకొకటి పొగడ్త. రెండింట్లోనూ జరుగుతున్నది మాత్రం ఒకటే. బస్సును చూసి, అందులోని మనుషుల్ని చూడకుండానే వాళ్లెలాంటివాళ్లో తేల్చేస్తున్నాం.

బయటివాళ్లు ఒక దేశాన్ని మూసలో పోయడం గురించి మాట్లాడేటప్పుడు అందరూ ‘అది అబద్ధం’, ‘అది అతి’ అంటారు. నా అభ్యంతరం అది కాదు. లండన్‌లో ఎర్రబస్సులు తిరిగిన మాట నిజమే, మూసలో అబద్ధమేమీ లేదు. కానీ వస్తువును ఉంచి మనిషిని తీసేస్తుంది. ఇంతకంటే పెద్ద అన్యాయం ఇంకోటి ఉందని నేననుకోను.

ఆ పాత ఎర్రబస్సు పేరు రూట్‌మాస్టర్. దాని కథ చాలామందికి తెలిసిందే. 1954లో నమూనా బస్సు, 1968 దాకా తయారీ, మొత్తం 2,876 బస్సులు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాలు తయారుచేసిన అనుభవంతో, తేలికైన అల్యూమినియంతో కట్టారు. పదిహేడేళ్లు పనిచేస్తే చాలనుకున్న బండ్లు, కొన్ని నలభై ఏళ్లు పైబడి తిరిగాయి. రూట్‌మాస్టర్‌ను తీసేయాలనుకునేవాడు మనిషే కాదన్నంత ఘాటుగా 2001లో మాట్లాడిన మేయర్ కెన్ లివింగ్‌స్టన్ హయాంలోనే, 2005 డిసెంబర్ 9న, 159వ నంబర్ రూట్లో చివరిసారి నడిచి ఆగిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్లు టూరిస్టుల కోసం రెండు చిన్న రూట్లలో తిప్పారు, అవీ ఆగాయి.

బస్సు రోడ్డు మీద నుంచి తప్పుకుంది కానీ ఫ్రిజ్ అయస్కాంతాల మీద నుంచి, టీషర్టుల మీద నుంచి, మన మనసుల్లోంచి తప్పుకోలేదు. తెలుగు సినిమా పాట లండన్‌లో తీశారని చెప్పడానికి హీరో హీరోయిన్ల వెనక ఎర్రబస్సు ఒకటి అడ్డంగా వెళ్తే చాలు. ఇక్కడ ‘బయటివాళ్లు’ మనమే. ఎర్రబస్సు, ఎర్ర టెలిఫోన్ బూత్, ఎలుగుబంటి చర్మం టోపీ పెట్టుకున్న రాజభటుడు. మూడు బొమ్మలతో ఆరు కోట్లు దాటిన జనాభా ఉన్న దేశాన్ని చదివేశామనుకుంటున్నాం.

ఆ ఎరుపులో రాచరికమూ లేదు, సంప్రదాయమూ లేదు. 1907లో లండన్ జనరల్ అనే ప్రైవేటు కంపెనీ, వీధిలో పోటీ కంపెనీల బస్సుల మధ్య తన బస్సు దూరం నుంచే కనిపించాలని వేసిన రంగు అది. గిరాకీ కోసం పూసిన పెయింటు ఒక జాతి రంగైపోయింది.

అసలు కథ కండక్టర్ది. రూట్‌మాస్టర్‌లో డ్రైవర్ ముందున్న చిన్న గదిలో ఒంటరిగా కూర్చుంటాడు. ప్రయాణికులతో అతనికి మాటల్లేవు, కండక్టర్‌తోనూ లేవు. ఇద్దరి మధ్యా ఉన్న భాష గంట ఒక్కటే. ఒకసారి మోగితే తర్వాతి స్టాప్‌లో ఆపాలి. రెండుసార్లు మోగితే కదలాలి. మూడుసార్లంటే బస్సు నిండిపోయింది, ఆపకుండా పొమ్మని. కండక్టర్ మెడలో టికెట్ మిషన్ వేలాడుతుండేది, పక్కనున్న పిడి తిప్పితే కాగితం చుట్ట మీద టికెట్ అచ్చయి బయటికొచ్చేది. కదులుతున్న బస్సులో, ఆ వంపు మెట్ల మీద, రోజుకు ఎన్నిసార్లో ఎక్కి దిగుతూ చేసే పని అది. చలికాలంలో తలుపు లేని ఫుట్‌బోర్డు పక్కన నిలబడటం ఎలా ఉంటుందో ఊహించుకోండి. టూరిస్టు ఫొటోలో ‘ఎంత అందమో’ అనిపించే ఆ ఖాళీ, కండక్టర్‌కు ఎదురుగాలి.

ఆ పనికి యుద్ధం తర్వాత లండన్‌లో మనుషులు దొరకలేదు. జీతం తక్కువ, షిఫ్టులు వేళాపాళా లేనివి. అందుకని అక్కడి బస్సులు నడిపే సంస్థ లండన్ ట్రాన్స్‌పోర్ట్ సముద్రం దాటి కరీబియన్ దీవి బార్బడోస్ వెళ్లి, అక్కడే మనుషుల్ని ఎంపిక చేసుకోవడం మొదలుపెట్టింది. ఓడ చార్జీలకు డబ్బు బార్బడోస్ ప్రభుత్వం అప్పుగా ఇచ్చింది, వచ్చినవాళ్లు జీతంలోంచి తీర్చుకున్నారు. తర్వాత జమైకా, ట్రినిడాడ్‌లలోనూ ఇలాగే ఎంపికలు జరిగాయి. మగవాళ్లే కాదు, ఆడవాళ్లూ కండక్టర్లుగా వచ్చారు. వేల మంది.

ఇది మొదలైన ఏడాది 1956. మొదటి రూట్‌మాస్టర్ ప్రయాణికుల్ని ఎక్కించుకున్నది 1956 ఫిబ్రవరి 8న. అంటే ఆ బస్సు, ఆ మనుషులు ఒకే ఏడాది లండన్ రోడ్ల మీదికి వచ్చారు. ఈ ఒక్క సంగతి తెలిసిన రోజు నుంచి నా టేబుల్ మీది బొమ్మను మునుపటిలా చూడలేకపోతున్నాను. అచ్చమైన ఇంగ్లిష్ వస్తువని ప్రపంచమంతా దేన్ని కొనుక్కుపోతోందో, దాన్ని నడిపించడానికి ఇంగ్లండ్‌లో మనుషులు చాలలేదు.

నిజానికి ఈ కథ ఇంకా పాతది. జమైకాలో పుట్టిన జో క్లఫ్ అనే నల్లజాతి యువకుడు 1910లోనే లండన్‌లో మోటారు బస్సు నడిపాడు. ఏ ఫ్రిజ్ అయస్కాంతం మీదా అతని మొహం నేను చూడలేదు.

వచ్చినవాళ్లకు స్వాగతం ఎలా దొరికిందో కూడా చెప్పుకోవాలి. బ్రిస్టల్ నగరంలో బస్సు కంపెనీ నల్లజాతివాళ్లను, ఆసియావాళ్లను బస్సు సిబ్బందిగా తీసుకునేది కాదు. 1963లో గై బెయిలీ అనే యువకుణ్ని ఇంటర్వ్యూకు రమ్మని, అతను జమైకావాడని తెలియగానే వద్దన్నారు. పాల్ స్టీవెన్‌సన్, ఆయన తోటివాళ్లు బస్సుల బహిష్కరణకు పిలుపునిచ్చారు. నాలుగు నెలల పోరాటం తర్వాత ఆగస్టు 28న కంపెనీ దిగొచ్చింది. వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ తన కల గురించి చెప్పిన రోజు కూడా అదే. సెప్టెంబర్‌లో అక్కడ కండక్టర్‌గా చేరిన మొదటి శ్వేతజాతేతరుడు రఘ్‌బీర్ సింగ్ అనే సిక్కు. బ్రిస్టల్ బస్సులు లండన్‌వి కావు, ఎర్రవీ కావు, నిజమే. కానీ బ్రిటన్‌లో బస్సు అనే ఉద్యోగం ఎలాంటిదో తెలియాలంటే ఈ కథ తెలియాలి. 1967లో వుల్వర్‌హాంప్టన్‌లో తర్సేమ్ సింగ్ సంధూ అనే డ్రైవర్ గడ్డం, తలపాగాతో డ్యూటీకి వస్తే ఇంటికి పంపేశారు. ఆ నిషేధం తొలగడానికి 1969 దాకా కొట్లాడాల్సి వచ్చింది.

‘దీనికంతటికీ ఒక బొమ్మ బస్సు ఏం చేసింది పాపం? లండన్ జనమే ఆ బస్సును ప్రేమించారు. చివరి రోజున వీధుల్లో బారులు తీరారు. టూరిస్టుల వల్ల డబ్బొస్తోంది. మూసబొమ్మ వల్ల ఎవరికి నష్టం?’ అనేవాళ్లున్నారు. ప్రేమ నిజమే, కాదనను. కానీ ఆ ప్రేమ బస్సు ఎక్కగలిగినవాళ్లది. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లకు ఆ ఎత్తయిన ఫుట్‌బోర్డు యాభై ఏళ్ల పాటు మూసిన గేటు. 1995లో వికలాంగుల హక్కుల చట్టం రాకపోయి ఉంటే, వాళ్లు ఇంకెన్నాళ్లు స్టాప్‌లో ఉండిపోయేవారో.

మాల్టా సంగతి ఇంకా గట్టిది. మధ్యధరా సముద్రంలోని ఈ చిన్న దీవి దేశం ఒకప్పటి బ్రిటిష్ వలస. అక్కడి పాత బస్సులు పసుపు ఒళ్లు, నారింజ చార, తెల్ల టాపుతో ఉండేవి. ఏ రెండూ ఒకలా ఉండేవి కావు, ఎందుకంటే చాలా బస్సులు నడిపేవాళ్ల సొంతం. బాడీ స్థానికంగా చేత్తో కట్టుకున్నది, లోపల సాధువుల పటాలు, బయట తళతళలాడే క్రోమియం. పోస్ట్‌కార్డుల మీద మాల్టా అంటే ఆ బస్సే. 2011 జులై 3న వాటన్నిటినీ ఒక్కసారిగా పక్కనబెట్టి, బస్సుల నిర్వహణ అరైవా కంపెనీకి అప్పగించారు. కొత్త వ్యవస్థలో అక్కడికి చేరిన బస్సుల్లో లండన్ వద్దనుకున్న, మధ్యలో వంగే పొడుగాటి బెండీ బస్సులు కూడా ఉన్నాయి. ఆ రకం బస్సులే లండన్‌లో 73, 38 లాంటి రూట్లలో రూట్‌మాస్టర్ స్థానంలోకి వచ్చినవి!

లండన్ ఐకాన్‌ను ఇంటికి పంపిన బస్సును లండనే వద్దనుకుంది. అది వెళ్లి మాల్టా ఐకాన్‌ను ఇంటికి పంపింది. 2013 ఆగస్టులో అక్కడ అవి వరుసగా అంటుకోవడంతో మొత్తం పక్కనబెట్టారు. 2014 మొదట్లో కంపెనీ కూడా వెళ్లిపోయింది. ఇంత జరిగినా మాల్టా రాజధాని వలెట్టా అంగళ్లలో పసుపు బస్సు బొమ్మ అమ్ముడవుతూనే ఉంది. సొంత బస్సుతో బతికిన ఆ డ్రైవర్ల కథ బొమ్మతో పాటు ఎవరూ ఇవ్వరు.

గ్వాటెమాలాలోనైతే పేరు కూడా బయటివాళ్లే పెట్టారు. అమెరికాలో రిటైరైన పసుపు స్కూలు బస్సుల్ని కొనుక్కొచ్చి, రంగులేసి, అక్కడి జనం తిరుగుతారు. వాళ్లు దాన్ని ‘కామియోనేటా’ అంటారు. టూరిస్టులు ‘చికెన్ బస్’ అంటారు. ఎవరో కోడిని పట్టుకుని ఎక్కడం చూశారు, అంతే, దేశం పేరు కోళ్ల బస్సైపోయింది. ఆ బస్సుల డ్రైవర్లను ముఠాలు మామూళ్ల కోసం బెదిరిస్తాయి, ఇవ్వకపోతే చంపుతాయి. ఆ సంగతి ట్రావెల్ వీడియోల్లో ఉండదు.

మళ్లీ లండన్‌కే వద్దాం. ఐకాన్‌ను తిరిగి తెస్తానని 2008 లండన్ మేయర్ ఎన్నికల్లో బోరిస్ జాన్సన్ మాటిచ్చి గెలిచారు. 2012 ఫిబ్రవరిలో కొత్త రూట్‌మాస్టర్ వచ్చింది. వంపు మెట్లు వచ్చాయి, వెనక ఫుట్‌బోర్డు వచ్చింది, దాని దగ్గర నిలబడటానికి ఒక మనిషినీ పెట్టారు, టికెట్లు కొట్టే పని మాత్రం ఇవ్వలేదు. 2016కల్లా ఖర్చు ఎక్కువవుతోందని ఆ ఉద్యోగాలు తీసేశారు, ప్రయాణంలో వెనక తలుపు మూసేశారు. డిజైన్‌కు డబ్బుంది, రంగుకు డబ్బుంది, మనిషికే లేదు. నా టేబుల్ మీది బొమ్మను అసలు సైజులో రోడ్డెక్కించినట్టయింది.

అదే 2016లో ఇంకో ఎర్రబస్సు ఆ దేశమంతా తిరిగింది. యూరప్‌కు వారానికి 350 మిలియన్ పౌండ్లు పంపుతున్నాం, ఆ డబ్బు మన ఆసుపత్రులకు పెడదాం అని పక్కన రాసుకున్న బ్రెగ్జిట్ ప్రచారం బస్సు. వలసల్ని అదుపు చేయాలన్నది ఆ ప్రచారంలో పెద్ద నినాదం. వలసవాళ్లు నడిపిన ఎరుపునే ఎక్కి ఆ మాట చెప్పారు.

నన్ను నిజంగా కుదిపేసింది 2018లో బయటపడ్డ సంగతి. 1973కు ముందు కామన్వెల్త్ దేశాల నుంచి వచ్చి బ్రిటన్‌లో చట్టబద్ధంగా స్థిరపడినవాళ్లను, చిన్నపిల్లలుగా వచ్చి అక్కడే ముసలివాళ్లైనవాళ్లను, కాగితాలు చూపించమని వేధించారు. ఉద్యోగాలు పోయాయి, వైద్యం ఆగింది. కనీసం 83 మందిని తప్పుగా దేశం నుంచి పంపేశారని ప్రభుత్వమే ఒప్పుకుంది. హోంమంత్రి ఆంబర్ రడ్ రాజీనామా చేశారు. వాళ్లు ఎప్పుడు వచ్చారో చెప్పగలిగిన కాగితాలు, 1950లు, 60లలో ఓడ దిగినప్పుడు నింపిన ల్యాండింగ్ కార్డులు, ఒకప్పుడు హోంశాఖ దగ్గరే ఉండేవి. 2010లో వాటిని ధ్వంసం చేశారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పాత రూట్‌మాస్టర్లు ఇప్పటికీ వందల సంఖ్యలో భద్రంగా ఉన్నాయి. ఏ నంబర్ బస్సు ఎప్పుడు తయారైంది, ఏ గ్యారేజీలో ఉంది, ఇప్పుడెవరి దగ్గరుందో అభిమానులు పూసగుచ్చినట్టు చెబుతారు. బస్సుకు పుట్టుపూర్వోత్తరాలున్నాయి. దాన్ని నడపడానికి ఓడెక్కి వచ్చిన తరానికి, వచ్చినట్టు రుజువే లేకుండా చేశారు. ఈ పని చేసింది బయటివాళ్లు కాదు, ఆ దేశ ప్రభుత్వమే. ప్రపంచం మొత్తం వస్తువునే మెచ్చుకుంటుంటే, ఆ దేశానికీ మనిషిని గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం కనిపించలేదు.

2005 డిసెంబర్ 9 మధ్యాహ్నం చివరి రూట్‌మాస్టర్ వెంట కెమెరాలు పరిగెత్తాయి. మార్బుల్ ఆర్చ్ నుంచి థేమ్స్ దాటి దక్షిణానికి పోయే ఆ 159 రూట్ బ్రిక్స్‌టన్ మీదుగా వెళ్తుంది. 1948లో కరీబియన్ నుంచి వలసవాళ్లను తెచ్చిన విండ్‌రష్ ఓడ దిగినవాళ్లు పని వెతుక్కుంటూ నడిచి వెళ్లిన ఉద్యోగ కార్యాలయం బ్రిక్స్‌టన్‌లోనిదే. వాళ్లు కాపురాలు పెట్టిందీ, వాళ్ల పిల్లలు పెరిగిందీ ఆ చుట్టుపక్కలే. ఆ ఓడ పేరుతో ఒక చౌరస్తా కూడా ఉంది. చివరి బస్సు ఆ దారినే వెళ్లి, బ్రిక్స్‌టన్ గ్యారేజీలోకి తిరిగి ఆగింది.