బ్రిగ్నోనే గురించి రెండు ముక్కలైనా రాయాల్సింది

మీ వ్యాసంలో 2024–25 మహిళల ఆల్పైన్ స్కీయింగ్ (మంచు కొండవాలు మీద స్కీలతో కిందికి దూసుకెళ్లే పోటీలు) సీజన్ అంటే అమెరికా క్రీడాకారిణి మికేలా షిఫ్రిన్ 100వ ప్రపంచ కప్ గెలుపే అన్నట్టు రాశారండీ. అది చిన్న విషయమని అనను. నవంబరులో అమెరికాలోని కిల్లింగ్టన్‌లో రేసులో పడి పొట్టకు లోతైన గాయమైన మనిషి, ఫిబ్రవరి 23న ఇటలీలోని సెస్ట్రియేర్‌లో స్లాలమ్ (దగ్గర దగ్గరగా పాతిన కర్రల గేట్ల మధ్య మలుపులు తిరిగే రేసు) గెలిచింది. నాకూ కళ్లు చెమర్చాయి. కానీ ఆ ఏడాది పెద్ద క్రిస్టల్ గ్లోబ్ (సీజన్ మొత్తం పాయింట్లలో మొదటి స్థానానికిచ్చే ట్రోఫీ) ఎత్తింది ఇటలీ అమ్మాయి ఫెదెరికా బ్రిగ్నోనే కదా! 34 ఏళ్ల వయసులో 10 రేసులు గెలిచింది. డౌన్‌హిల్, జెయింట్ స్లాలమ్ విభాగాల గ్లోబులూ ఆమెవే. గంటకు 100 కిలోమీటర్లు దాటి దూసుకెళ్లే డౌన్‌హిల్‌కీ, గేటు గేటుకీ మలుపు తిరిగే జెయింట్ స్లాలమ్‌కీ కావాల్సిన నేర్పు వేరు. రెండూ ఒకరికే పట్టుబడటం ఎంత అరుదో! ఏప్రిల్ మొదట్లో ఇటలీ జాతీయ పోటీల్లో ఆమె కాలు విరిగింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.