నీడకు తాళమెందుకు?

మధ్యాహ్నం పన్నెండున్నర. హైదరాబాద్‌లో ఓ కాలనీ పార్కు. లోపల కానుగలు, ఓ పెద్ద వేపచెట్టు, వాటి కింద ఖాళీ సిమెంటు బెంచీలు. గేటుకు తాళం. బయట ఫుట్‌పాత్ మీద, ప్రహరీ దాటి వచ్చిన కొమ్మ నీడలో ఫుడ్ డెలివరీ కుర్రాడు బండికి స్టాండు వేసి దాని మీదే కూలబడ్డాడు. పక్కనే ఓ కూలీ టిఫిన్ బాక్సు మూత తీసింది. గేటు మీది బోర్డులో వేళలు స్పష్టంగానే ఉన్నాయి: ఉదయం 5 నుంచి 10, సాయంత్రం 4 నుంచి 8. ఎండ లేనప్పుడు మాత్రమే నీడ ఇస్తారన్నమాట!

చెట్టు పక్కన కూర్చుంటే ప్రాణం తెరిపిన పడుతుందని మన ఊళ్లలో రావిచెట్టుకు రచ్చబండ కట్టినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఇప్పుడు దానికి లెక్కలూ ఉన్నాయి. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవారిలో కొందరికి కిటికీలోంచి చెట్లు కనబడేవి, కొందరికి ఇటుక గోడ. రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పాత రికార్డులు తిరగేసి, 46 మందిని జతలుగా పోల్చారు. చెట్లు చూసినవారు కాస్త ముందుగా ఇంటికి వెళ్లారు, ఘాటైన నొప్పి మందులూ తక్కువే వాడారు. ఆ ఫలితం 1984లో అచ్చయింది. 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొందరిని గంటన్నరసేపు చెట్లూ గడ్డీ ఉన్నచోట, మరికొందరిని రద్దీ రోడ్డు వెంట నడిపించారు. అయిందేదో తలచుకుని లోలోపల కుమిలిపోవడం చెట్ల మధ్య నడిచినవారిలో తగ్గింది, రోడ్డు పక్క నడిచినవారిలో తగ్గలేదు. నిజమే, ఆ పరీక్షకు వచ్చింది 38 మందే. 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మందిని అడిగితే, వారానికి రెండు గంటలైనా పచ్చదనంలో గడిపేవారు తాము బాగున్నామని ఎక్కువగా చెప్పారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే బయటికెళ్తారేమో అన్న అనుమానానికీ చోటుంది. అయినా ఇన్ని కొలతలూ ఒకవైపే చూపిస్తుంటే కొట్టిపారేయలేం.

రోడ్డు సంగతి వేరు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మన కూడళ్లలో ఒక్క హారన్ చాలు, ఆ లెక్క చెదిరిపోవడానికి. నిద్రలో ఉన్నా ఆ మోతకు గుండె వేగం పెరుగుతుంది. మనిషి లేవకపోయినా ఒళ్లు లేస్తుంది. దానికి తోడు పగలంతా ఎండ తాగిన కాంక్రీటు రాత్రి సెగ కక్కుతుంది. ఈ టెన్షన్ అందరికన్నా ఎక్కువ మోసేది ఆటో డ్రైవర్లు, తోపుడుబండ్లవాళ్లు, ట్రాఫిక్ కానిస్టేబుళ్లు. పార్కు తెరిచే వేళకు వాళ్లు పనిలో ఉంటారు, లేదంటే నిద్రలో ఉంటారు.

2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం విద్యార్థులు రోడ్డెక్కారు, చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపింది. అది అవసరమైన పోరాటం. వీధి చివరి చిన్న పార్కు గురించి మాత్రం అడిగే నాథుడు లేడు. ఇంటికి 300 మీటర్లలోపు కనీసం అర హెక్టారు పచ్చటి స్థలం అందరికీ ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం సూచన. మన బస్తీల్లో అంత స్థలం ఎప్పటికి దొరుకుతుందో గానీ, ఉన్నదాని గేటు తీయడానికి భూసేకరణ అక్కర్లేదు.

మందుబాబులు చేరతారని, చెత్త వేస్తారని, కాపలాకు మనుషులు లేరని అధికారులు అంటారు. భయాలు ఉత్తవి కావు. అయితే మందుబాబులు ఎక్కువగా చేరేది చీకటి పడ్డాకే, ఆ వేళకు పార్కు తెరిచే ఉంటోంది. కాపలా సంగతంటారా, ఆ మధ్యాహ్నం లోపల వేపచెట్టు కింద కునుకు తీస్తున్నది వాచ్‌మనే. ఆయన్ని తప్పుపట్టలేం, ఆ ఎండలో ఎవరైనా అదే చేస్తారు.

బెంగళూరు 2024లో తన పార్కులను ఉదయం 5 నుంచి రాత్రి 10 దాకా తెరిచి ఉంచాలని నిర్ణయించింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ కూడా ఎండలు ముదరకముందే బోర్డులు మార్చాలని మేం కోరుతున్నాం. గేటు పక్కన ఓ మంచినీళ్ల కుళాయి, శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటే ఆ కూలీకి, ఆ కుర్రాడికి అరగంట చాలు. తర్వాత ఎటూ ఆర్డర్ మోగుతుంది.